తిమింగలాలను లెక్కపెట్టిన కథ: పిల్లలకు ఒక ఉత్తరం

పిల్లలకు ఆశీస్సులు.

మీ సైన్సు పుస్తకాల్లో ధ్రువప్రాంతం పాఠం వచ్చినప్పుడల్లా దాదాపు ఒకే బొమ్మ కనిపిస్తుంది. గుండ్రటి మంచు ఇల్లు, దాని పక్కన బొచ్చు కోటు తొడుక్కుని నవ్వుతున్న మనిషి, కింద ‘ఎస్కిమో’ అని పేరు. ఆ మనిషికి ఏమి తెలుసో పాఠంలో ఒక్క వాక్యమైనా ఉండదు. ఉపగ్రహాలు మంచును కొలుస్తాయి, శాస్త్రవేత్తలు గ్రాఫులు గీస్తారు, ఆయన మాత్రం నవ్వుతూ నిలబడి ఉంటాడు. హైస్కూల్లో సైన్సు చెప్పి రిటైరైనదాన్ని కాబట్టి ఆ బొమ్మ మీద నాకు కాస్త కోపం ఎక్కువ. అందుకే ఈ ఉత్తరం.

ఆ ఉత్తరాది వాళ్లంతా ఒకే జాతి కారు. కెనడా ఉత్తరాన, గ్రీన్‌లాండ్‌లో ఇన్యూట్‌లు ఉంటారు. అలాస్కాలో ఇన్యుపియాట్‌లు, యుపిక్‌లు. నార్వే, స్వీడన్, ఫిన్లాండ్‌లలో సామీలు. రష్యా ఉత్తరాన నెనెట్స్. ఇంకా చాలామంది ఉన్నారు. బయటివాళ్లు తగిలించిన ‘ఎస్కిమో’ అనే పేరు వాళ్లలో చాలామందికి నచ్చదు. వాళ్లు ఉండేది మామూలు ఇళ్లలోనే. స్నోమొబైళ్లు నడుపుతారు, ఫోన్లలో వాతావరణం చూసుకుంటారు. దానితో పాటు, తాతల నుంచి వచ్చిన మంచు చదువు కూడా చాలామంది దగ్గర ఇంకా ఉంది. ఆ చదువు ఎలాంటిదో చెప్పడానికి నాకు తెలిసిన మంచి కథ తిమింగలాలదే.

అలాస్కా కొట్టకొనన ఉత్యాగ్విక్ అనే ఊరుంది. 2016 దాకా దాన్ని బారో అనేవారు. 71 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద, సముద్రం ఒడ్డున ఉంటుంది. ఏటా ఏప్రిల్, మే నెలల్లో బోహెడ్ తిమింగలాలు బేరింగ్ సముద్రం నుంచి బయలుదేరి, ఈ ఊరి ముందుగా బ్యూఫోర్ట్ సముద్రానికి వలస వెళతాయి. అప్పటికి సముద్రం ఇంకా గడ్డకట్టే ఉంటుంది. ఒడ్డును అంటిపెట్టుకున్న మంచుకూ, ఆవల గాలికి కదిలే మంచుకూ మధ్య పగులు విచ్చి నీటి పాయ ఏర్పడుతుంది. ఇన్యుపియాట్ వేటగాళ్లు ఆ పాయ అంచున పడవలు పెట్టుకుని కాపు కాస్తారు. ఒక తిమింగలం దొరికితే ఊరంతా పంచుకుంటుంది. ఈ పద్ధతి చాలా తరాలుగా వస్తున్నదే.

1848 తర్వాత అమెరికా వ్యాపార నౌకలు ఈ సముద్రాల్లోకి వచ్చిపడ్డాయి. తిమింగలాల నూనె కోసం, వాటి నోట్లో జల్లెడలా ఉండే బెలీన్ పలకల కోసం వాటిని ఊచకోత కోశాయి. వ్యాపారం దెబ్బతిని నౌకలు వెళ్లిపోయేసరికి తిమింగలాలు కొద్దిగానే మిగిలాయి. ఆ పాపం తాలూకు బిల్లు మాత్రం ఎన్నో ఏళ్ల తర్వాత ఇన్యుపియాట్‌ల చేతికొచ్చింది. 1977లో అంతర్జాతీయ తిమింగల వేట కమిషన్ వాళ్ల వేటను కూడా నిషేధించింది. బోహెడ్‌లు వెయ్యి, మహా అయితే రెండు వేలు ఉంటాయన్నది అప్పటి శాస్త్రవేత్తల అంచనా. వేటగాళ్లు ఒప్పుకోలేదు. అంతకంటే చాలా ఎక్కువ ఉన్నాయన్నారు. వాళ్లు తమ సంఘం పెట్టుకుని పోరాడితే కమిషన్ చిన్న కోటా ఇచ్చింది. అసలు తగాదా మాత్రం అలాగే ఉండిపోయింది: ఎన్ని తిమింగలాలు?

అప్పటి లెక్క ఎలా కట్టేవారో చూడండి. మంచు గుట్టల మీద మనుషులు కూర్చుని, నీటి పాయలో ఊపిరి కోసం పైకొచ్చిన తిమింగలాలను లెక్కపెట్టేవారు. పాయ మూసుకుపోతే లెక్క ఆగేది. మంచు కమ్మేస్తే తిమింగలాలు కూడా ఆగిపోతాయని, అవి పాయను దాటి దూరం పోవని దీని వెనక ఒక ఊహ ఉంది. గాలి పీల్చే జంతువు కదా, పైన గడ్డకట్టి ఉంటే ఎలా వెళుతుంది? వినడానికి సబబుగానే ఉంది. మీరైనా, నేనైనా అలాగే అనుకునేవాళ్లం.

హ్యారీ బ్రోవర్ అనే పెద్ద వేటగాడు అక్కడికి పనిమీద వచ్చిన టామ్ ఆల్బర్ట్ అనే పశువైద్య శాస్త్రవేత్తకు ఇంకో సంగతి చెప్పాడు. తిమింగలాలు మంచు కింద నుంచి కూడా వెళతాయి. వాటికి ముక్కు రంధ్రాల దగ్గర తల ఉబ్బెత్తుగా ఉంటుంది. ఆ ఉబ్బుతో కిందనుంచి మంచును పొడిచి, పగలగొట్టి, ఊపిరి తీసుకుని మళ్లీ మునుగుతాయి. రెండడుగుల మందం మంచును కూడా అలా పైకి లేపుతాయని వేటగాళ్లు చెబుతారు. పైగా అవి పాయలోనే వరసకట్టి పోవు. కంటికి ఆననంత దూరం దాకా పరచుకుని వెళతాయి. అంటే మంచు మీద కూర్చున్న మనిషికి కనపడేది మందలో ఒక అంచు మాత్రమే.

ఆల్బర్ట్ ఆ మాట విని ఊరుకోలేదు. అలాగని గుడ్డిగా నమ్మనూ లేదు. 1980లలో ఆయనా, తోటి శాస్త్రవేత్తలూ సముద్రంలోకి హైడ్రోఫోన్లు, అంటే నీటి అడుగున వినే మైకులు, దించారు. పాయ మూసుకుపోయిన రోజుల్లో కూడా మంచు కింద నుంచి తిమింగలాల కేకలు వినిపించాయి. ఒకే కేక వేర్వేరు మైకులను చేరడానికి పట్టిన సమయాల తేడా చూసి, అది ఎంత దూరం నుంచి వచ్చిందో లెక్క కట్టారు. విమానాల్లో తిరిగి దూరాన ఉన్నవాటినీ చూశారు. లెక్క మారిపోయింది. 1993 నాటి లెక్కింపులో దాదాపు 8 వేలు తేలాయి. 2011 నాటికి 16 వేలు దాటాయి. మొదట్లో పెరిగిన అంకెలో ఎక్కువ భాగం అంతకుముందు లెక్కలోకి రానివి. తర్వాత పెరిగింది నిజంగా మంద పెరగడమే.

‘పెద్దల మాట చద్దిమూట’ అని నేను ఈ కథ చెబుతున్నానని అనుకోకండి. పెద్దదాన్ని నేనే ఆ సామెత చెప్పుకుంటే బాగుండదు కూడా. హ్యారీ బ్రోవర్ మాటకు విలువ వచ్చింది ఆయన వయసును బట్టి కాదు. అది పరీక్షించదగ్గ మాట. ఫలానా చోట, ఫలానా రోజుల్లో, ఫలానా పని తిమింగలం చేస్తుంది అని ఆయన స్పష్టంగా చెప్పాడు. తప్పయితే తేలిపోయేదే. అసలు ఆ జ్ఞానం అప్పటికే ఎన్నో పరీక్షలకు నిలిచింది. మంచు మీద తప్పుడు అంచనా వేస్తే పోయేది మార్కులు కాదు, ప్రాణం.

బోహెడ్ తిమింగలం రెండు మనిషి జన్మలు బతుకుతుందని కూడా అక్కడి పెద్దలు అనేవారు. దాన్ని కూడా చాలాకాలం ఎవరూ పట్టించుకోలేదు. తర్వాత వేటలో దొరికిన తిమింగలాల కొవ్వులో పాతకాలపు రాతి ఈటె మొనలు బయటపడ్డాయి. 1999లో కంటి కటకంలోని రసాయన మార్పును బట్టి వయసు లెక్కకడితే, ఒకదానికి 200 ఏళ్లు దాటాయని తేలింది. 2007లో దొరికిన ఇంకో తిమింగలం ఒంట్లో 19వ శతాబ్దం చివర్లో తయారైన పేలుడు ఈటె ముక్క ఉంది.

ఇప్పుడు కెనడాకు వెళదాం. అక్కడి ఇన్యూట్ పెద్దలు 1990ల నుంచి ఒక మాట అంటున్నారు: వాతావరణాన్ని ఇదివరకులా చెప్పలేకపోతున్నాం, అది పూటకో తీరుగా మారుతోంది. వాతావరణ కేంద్రాల నెలసరి సగటుల్లో ఆ సంగతి కనిపించలేదు. ఎందుకు కనిపించలేదో మీరే లెక్కేసి చూడండి. ఒక ఊళ్లో నాలుగు రోజుల ఉష్ణోగ్రతలు –10, –10, –9, –11. ఇంకో ఊళ్లో –2, –18, –4, –16. రెండింటి సగటూ –10 డిగ్రీలే. కానీ రెండో ఊళ్లో పొద్దున ఆకాశం చూసి రేపటి ప్రయాణం నిర్ణయించుకునేవాడి గతి ఏమిటి? బేకర్ లేక్ అనే ఊరి రికార్డులను కొందరు శాస్త్రవేత్తలు సగటు కోసం కాక, ఈ రోజు వాతావరణం రేపటిదాకా ఎంత నిలకడగా ఉంటోందని చూశారు. వసంతకాలపు మధ్యాహ్నాల్లో ఆ నిలకడ తగ్గిందని 2010లో ప్రకటించారు. కొలతలన్నీ అప్పటికే రికార్డుల్లో ఉన్నాయి. వాటిని ఏమని అడగాలో పెద్దలు చెప్పారు, అంతే.

బాఫిన్ దీవిలోని క్లైడ్ రివర్‌లో గాలి విషయంలో లెక్క ఇంత చక్కగా కుదరలేదు. గాలి దిక్కు, జోరు మారాయని వేటగాళ్లు అన్నవాటిలో కొన్ని వాతావరణ కేంద్రం రికార్డులతో కలిశాయి, కొన్ని కలవలేదు. వాతావరణ కేంద్రం ఊళ్లో ఒకచోట ఉంటుంది, వేటగాళ్లేమో కొండల నడుమ సముద్రపు పాయల వెంట తిరుగుతారు. అందుకని వాళ్లు చూపించిన చోట్ల కొత్త కేంద్రాలు పెట్టారు. గాలి వాళ్లకు ఊరికే పిచ్చాపాటీ విషయం కాదు. ఇగ్లూలిక్ అనే ఇంకో ఇన్యూట్ ఊరి వైపు వాయవ్యపు గాలి పొడిమంచును నాలుక ఆకారంలో గట్టి దిబ్బలుగా చెక్కుతుంది. తుపానులో ఏమీ కనిపించకపోయినా, ఆ దిబ్బలను ఏ కోణంలో దాటుతున్నామో కాలితో తెలుసుకుని ఇల్లు చేరతారు. గాలి తీరు మారితే ఆ దారి గుర్తులు కూడా చెదిరిపోతాయి.

పెద్దలు చూసినదానికీ, దానికి వాళ్లు చెప్పే కారణానికీ తేడా ఉంటుందని కూడా మీకు తెలియాలి. ఉత్తర కెనడాలో చాలా ఊళ్ల పెద్దలు సూర్యుడి చోటు మారిందని, భూమి ఒరిగిందని అన్నారు. భూమి అక్షం అంతగా ఒరగలేదని ఖగోళ శాస్త్రం ఖాయంగా చెబుతుంది. అయితే వాళ్లు చూసింది అబద్ధమా? చల్లటి గాలి పొర మీద వెచ్చటి పొర పరుచుకుంటే కాంతి వంగుతుంది, దిగంతం కింద ఉన్న సూర్యుడు కూడా పైకి కనిపిస్తాడు. 1597లో రష్యా ఉత్తరాన ఉన్న నోవయా జెమ్ల్యా దీవిలో చలికాలం చిక్కుకుపోయిన డచ్చి నావికులు, లెక్క ప్రకారం రావలసిన రోజుకు సుమారు రెండు వారాల ముందే సూర్యుణ్ని చూశారు. గాలి పొరలు వేడెక్కి ఈ వంపు మారడం వల్లనే పెద్దలకు అలా కనిపించి ఉండవచ్చన్నది ఒక వివరణ. నాకు ఇది మంచి పాఠంగా తోస్తుంది. చూసినవాణ్ని నమ్మాలి, కారణాన్ని మాత్రం వెతుక్కోవాలి.

మరి ఈ చదువు పిల్లలకు ఎలా చెబుతారు? గదిలో కూర్చోబెట్టి చెప్పలేరు. పెద్దాయన ఈటె తీసుకుని ముందు నడుస్తాడు, పిల్లలు ఆయన అడుగుల్లో అడుగు వేస్తారు. ఈటెతో మంచును పొడుస్తాడు. ఒక్క పోటుకే దిగిపోతే అక్కడ కాలు పెట్టకూడదు. సముద్రపు నీరు సుమారు –1.8 డిగ్రీల దగ్గర గడ్డకడుతుంది. లేత మంచులో ఉప్పునీరు చిక్కుకుని ఉంటుంది కాబట్టి అది చెరువు మంచులా పెళుసుగా పగలదు, కాలి కింద వంగుతుంది. ఏళ్లు గడిచేకొద్దీ ఉప్పు కిందికి కారిపోతుంది. అందుకే పాత మంచు కరిగిస్తే తాగవచ్చు, కొత్తది కరిగిస్తే ఉప్పన. దళసరిగా పొడిమంచు పడినచోట అది దుప్పటిలా కప్పి చలిని కిందికి పోనివ్వదు, కాబట్టి అడుగున గడ్డ పలచగానే ఉంటుంది. పైకి మాత్రం తెల్లగా, భద్రంగా కనిపిస్తుంది. ఇరుకు జలసంధుల్లో ప్రవాహం మంచును కిందనుంచి కొరుకుతుంది. ఉష్ణవహనం, సాంద్రత, ఘనీభవన స్థానం, మీరు విడివిడి పాఠాలుగా బట్టీ పెట్టేవన్నీ అక్కడ ఒక్క నడకలో వస్తాయి.

1979 తర్వాత ఆర్కిటిక్ ప్రాంతం ప్రపంచ సగటుకు దాదాపు నాలుగు రెట్లు వేగంగా వేడెక్కింది. అందువల్ల పాత గుర్తులు కొన్ని పనిచేయడం లేదు, ఈటె ఒక్కటే చాలడం లేదు. కెనడా తూర్పున లాబ్రడార్ తీరాన నైన్ అనే ఊళ్లో 2009–10 చలికాలం మరీ వెచ్చగా వచ్చి, ఎప్పుడూ వెళ్లే దారుల్లోనే మంచు నమ్మరానిదైంది. తర్వాత అక్కడి ఇన్యూట్‌లు, విశ్వవిద్యాలయం వాళ్లు కలిసి ‘స్మార్ట్ ఐస్’ అనే ఏర్పాటు చేశారు. స్నోమొబైల్ వెనక లాగే స్లెడ్జిలో ఒక పరికరం పెడతారు, అది నడుస్తూనే మంచు మందం కొలుస్తుంది. మంచులో పాతిన ఇంకో పరికరం ఉష్ణోగ్రతలు పంపుతుంది. వాటిని నడిపేది స్థానిక యువతే. ఏ దారులు కొలవాలో నిర్ణయించేది ఆ ఊళ్లో మంచు తెలిసినవాళ్లే.

ఇదంతా బళ్లలోకి రావడం తేలిగ్గా జరగలేదు. కెనడాలో తరాల తరబడి ఆదివాసీ పిల్లలను ఇళ్ల నుంచి తీసుకుపోయి, దూరపు హాస్టలు బళ్లలో పెట్టి, సొంత భాష మాట్లాడితే దండించారు. సుమారు లక్షా యాభై వేల మంది పిల్లలు అలా వెళ్లారు. చివరి బడి మూతపడింది 1990లలోనే. తాతలతో మంచు మీద నడవవలసిన వయసు గోడల మధ్య గడిచిపోయింది. ఆ కోత పూడ్చడానికి కెనడాలోని ‘నార్త్‌వెస్ట్ టెరిటరీస్’ అనే పాలనా ప్రాంతంలో 1993లో డెనే అనే ఇంకో ఆదివాసీ జనం కోసం, 1996లో ఇన్యూట్‌ల కోసం పాఠ్యప్రణాళికలు వచ్చాయి. ఇన్యూట్‌లు ఎక్కువగా ఉండే నునావుట్ ప్రాంతంలో 2008 నాటి విద్యాచట్టం ఇన్యూట్ విలువల మీదే బడి నడవాలంటుంది. కాగితం మీద బాగుంది. టైంటేబులు గంట కొట్టినప్పుడు గాలి అనుకూలంగా ఉండదు, అది వేరే సంగతి.

బడిని పెద్దలే మార్చాలని కూడా లేదు. అలాస్కాలోని కాక్టోవిక్ అనే చిన్న ఊళ్లో 1994లో మిడిల్ స్కూలు పిల్లలు తమ భాషకు సొంత అంకెలు తయారుచేసుకున్నారు. ఇన్యుపియాట్‌ల లెక్క ఇరవైల లెక్క, రెండు చేతులూ రెండు కాళ్లూ కలిపిన వేళ్లన్నమాట. మన పదుల అంకెలతో ఆ భాషలో రాయడం వాళ్లకు కుదరలేదు, దాంతో గీతలతో కొత్త గుర్తులు గీశారు. గీతలను కలిపితేనే చాలా కూడికలు అయిపోతాయి. 2022లో ఆ అంకెలు యూనికోడ్‌లోకి, అంటే కంప్యూటర్లు గుర్తించే అక్షరాల పట్టికలోకి కూడా ఎక్కాయి, ఇప్పుడు కంప్యూటర్లో రాయవచ్చు.

మీకు పని ఇవ్వకుండా ఉత్తరం ముగిస్తే నాకు నిద్ర పట్టదు. ఇరవైల లెక్కలో మొదటి స్థానం ఒకట్లు, రెండోది ఇరవైలు, మూడోది నాలుగు వందలు. తిమింగలాల వేట ఆపిన 1977ను ఆ లెక్కలో రాసి పంపండి. గీతలు కూడా మీరే కనిపెట్టి వేసినవాళ్ల ఉత్తరం ముందు చదువుతాను.

ఇట్లు,
మీ అమ్మమ్మ