'ఐస్ వైడ్ షట్' గొడవ: ఎడిటింగ్ టేబుల్ దగ్గర్నుంచి కొన్ని అపోహలు - వాస్తవాలు

నేను ఎడిటర్‌ని. నా దగ్గర కొత్తగా చేరిన అసిస్టెంట్లకి అమెరికన్ దర్శకుడు స్టాన్లీ కుబ్రిక్ చివరి సినిమా 'ఐస్ వైడ్ షట్' (1999) తప్పకుండా చూపిస్తాను. అయిపోయి టీ వచ్చేలోపే గది రెండు ముక్కలవుతుంది. ఒకడు "మాస్టర్‌పీస్ సార్" అంటాడు, పక్కవాడు "రెండున్నర గంటలు ప్రాణం తీశాడు సార్" అంటాడు. నచ్చడం, నచ్చకపోవడం వాళ్ళిష్టం. ఆ వాదనలో దొర్లే తప్పుడు సమాచారం దగ్గరే నాకు ఓపిక పోతుంది.

అపోహ: ఇది బూతు సినిమా.

వాస్తవం: మా పేటలో వీసీడీలు అద్దెకిచ్చే ఆయన దీన్ని కౌంటర్ కింద దాచి, అడిగినవాళ్ళకే తీసిచ్చేవాడు. పట్టుకెళ్ళినవాళ్ళు మర్నాడే "ఏముందండీ ఇందులో, మాట్లాడుకుంటూనే ఉన్నారు" అని విసుక్కుంటూ తిరిగిచ్చేవారు. నన్నడిగితే ఆ రివ్యూ కరెక్టే. 159 నిమిషాల సినిమాలో ముసుగులేసుకున్నవాళ్ళ రహస్య శృంగార విందు జరిగే భవంతి ఘట్టం కాసేపే. మిగతాదంతా మొగుడూ పెళ్ళాల మాటలు, అందులో ఒక మాట గుచ్చుకుని, డాక్టరైన ఆ మొగుడు రాత్రంతా ఊరు పట్టుకుని తిరిగే తిరుగుడు. అమెరికాలో 'ఆర్' సర్టిఫికెట్ (17 ఏళ్ళలోపువాళ్ళు పెద్దలు తోడుంటేనే చూడాలి) కోసం భవంతి షాట్లలో కంప్యూటర్ మీద తయారుచేసిన మనుషుల్ని అడ్డంగా నిలబెట్టారు. దాంతో అక్కడేదో మహా దాపరికం ఉందన్న ప్రచారం ఇంకా పెరిగింది.

అపోహ: కుబ్రిక్ మధ్యలోనే పోయారు, తర్వాత స్టూడియో వాళ్ళు 24 నిమిషాలు కోసేశారు.

వాస్తవం: 1999 మార్చి 7న ఆయన పోవడానికి కొద్ది రోజుల ముందే తన కట్‌ని స్టూడియో పెద్దలకీ, ఇందులో మొగుడూ పెళ్ళాలుగా నటించిన, అప్పట్లో నిజంగానే మొగుడూ పెళ్ళాలైన టామ్ క్రూజ్, నికోల్ కిడ్‌మన్‌లకీ చూపించారు. సౌండ్ మిక్సింగ్ లాంటి పనులు మిగిలాయి. వాటిని ఆయన మనుషులే పూర్తి చేశారు. ఆ 24 నిమిషాల కథకి ఎవరూ ఇంతవరకు ఆధారం చూపించలేదు. ఒకటి మాత్రం ఒప్పుకోవాలి. కుబ్రిక్ సినిమా రిలీజయ్యాక కూడా కత్తెర వదిలే మనిషి కాదు. 1968లో తన '2001: ఎ స్పేస్ ఒడిస్సీ' సినిమా ప్రీమియర్ అయ్యాక సుమారు 19 నిమిషాలు తీసేశారు. తన ఇంకో సినిమా 'ది షైనింగ్' థియేటర్లలో ఉండగానే చివర్లో వచ్చే ఆసుపత్రి సీన్ ఎత్తేశారు. బతికుంటే దీన్నీ ఇంకాస్త చెక్కేవారేమో.

అపోహ: సాగదీత. ఎడిటింగ్ సరిగ్గా లేదు.

వాస్తవం: నన్ను ఎక్కువగా అడిగేది దీని గురించే కాబట్టి కాస్త వివరంగా చెప్తాను. పడకగది సీన్ తీసుకోండి. గదిలో పసుపు లైటు, కిటికీ అవతల నీలం. నువ్వు అలాంటిదానివి కాదని నాకు తెలుసు అన్న ధోరణిలో మాట్లాడతాడు భర్త. ఆవిడ పగలబడి నవ్వుతూ నేల మీద కూలబడుతుంది. నవ్వు ఆగాక కిందటేడు హోటల్లో కనిపించిన ఒక నేవీ ఆఫీసరు గురించి మొదలుపెడుతుంది. ఒక్క చూపు. అంతే. ఆ చూపు కోసం మొగుణ్ణీ, కూతుర్నీ, మొత్తం జీవితాన్నీ వదిలేయడానికి సిద్ధపడ్డానని చెప్తుంది.

మేమైతే ఇలాంటి చోట మొగుడి ముఖం మీదికి పదిసార్లు వెళ్తాం, ప్రతిసారీ ఒక మ్యూజిక్ బిట్ వేస్తాం. కుబ్రిక్ చాలాసేపు ఆవిడ దగ్గరే ఉండిపోతారు. అప్పుడప్పుడు అతని వైపు వెళ్తే అక్కడ కండరం కూడా కదలదు. ఇంతలో ఫోన్ మోగుతుంది. తర్వాత టాక్సీలో కూర్చున్న అతనికి తన భార్యా ఆ ఆఫీసరూ కనిపిస్తారు, నీలం మసక బొమ్మల్లో. ఆ బొమ్మలు సినిమా పొడుగునా మళ్ళీ మళ్ళీ వస్తాయి, వచ్చినప్పుడల్లా కాస్త ముందుకెళ్తాయి. ఆవిడ చెప్పింది చూపు వరకే. మిగతా సినిమా అంతా అతనే తలలో తీసుకుని, ఎడిట్ చేసుకుని, రాత్రంతా తనే చూసుకుంటున్నాడు. ఆ తిరుగుడు మనకి బరువుగా అనిపించాలి మరి.

అలాగని అన్నీ వెనకేసుకురాను. చివర్లో బిలియర్డ్స్ గదిలో, డాక్టరుకి తెలిసిన ధనవంతుడి పాత్ర వేసిన సిడ్నీ పోలాక్ అంతా విడమర్చి చెప్పే సీన్ నా చేతికిస్తే మూడు నిమిషాలు ఎగిరిపోతాయి.

అపోహ: ఇది టామ్, నికోల్‌ల సొంత కాపురం కథ.

వాస్తవం: ఆస్ట్రియా రచయిత ఆర్థర్ ష్నిట్జ్‌లర్ 1926లో పుస్తకంగా తెచ్చిన నవలిక ఇది. వియన్నా కథని న్యూయార్క్‌కి మార్చారు. ఆ న్యూయార్క్ వీధులు కూడా చాలావరకు ఇంగ్లండ్‌లో వేసిన సెట్లే. వాళ్ళిద్దరూ 2001లో విడిపోయారు. వాళ్ళ కాపురం మీద పుకారుకి సినిమా ఏం చేస్తుంది?

అపోహ: ఫ్లాప్.

వాస్తవం: సుమారు 6.5 కోట్ల డాలర్లతో తీస్తే ప్రపంచమంతా కలిపి 16 కోట్లకి పైగా వచ్చింది. కానీ మొదటి రోజు అమెరికా ప్రేక్షకులు సినిమాస్కోర్‌లో (థియేటర్ నుంచి బయటికొచ్చేవాళ్ళని అడిగి గ్రేడ్ వేసే సర్వే) 'డి మైనస్' ఇచ్చారు. ట్రైలర్ చూసి ఒకటి ఊహించుకుని వచ్చారు, తెర మీద ఇంకొకటి కనిపించింది.

అపోహ: భవంతి సీన్లో భగవద్గీత వినిపించిందన్నది వట్టి పుకారు.

వాస్తవం: పుకారు కాదు. మొదట విడుదలైన ప్రింట్లలో "పరిత్రాణాయ సాధూనాం" శ్లోకం ఉంది. అమెరికాలోని హిందువులు అభ్యంతరం చెప్పారు, తర్వాతి విడుదలల్లో తీసేశారు. అదే భవంతిలో ముందుగా వినిపించే గంభీరమైన గొంతుని కూడా చాలామంది సంస్కృతం అనుకుంటారు. అది రొమేనియా చర్చి ప్రార్థన, తిరగేసి వేశారు.

అపోహ: దిండు మీద మాస్క్ ఎవరు పెట్టారో రెండోసారి చూస్తే తెలుస్తుంది.

వాస్తవం: తెలీదు. భవంతికి వెళ్ళడానికి అద్దెకి తెచ్చిన డ్రెస్ ఆ డాక్టరు తిరిగిచ్చేటప్పుడు మాస్క్ లేదని 25 డాలర్లు కట్టి వస్తాడు. ఇంటికెళ్తే అది నిద్రపోతున్న భార్య పక్కన, తన దిండు మీద ఉంటుంది. నవలికలో అయితే భార్యే పెట్టి ఉంటుందని భర్త ఊహ రూపంలో చెప్తారు. సినిమాలో ఆ ఊహ లేదు, పెట్టిన చెయ్యీ లేదు. మా అసిస్టెంట్లు దీని మీద గంటసేపు కొట్టుకున్నారు: భవంతి వాళ్ళ బెదిరింపని ఒకడు, అసలక్కడ మాస్కే లేదు, అతని భ్రమని ఇంకొకడు. ఆ రోజు టిఫిన్ క్యారియర్ ఇవ్వడానికి వచ్చిన మా ఆవిడ కాసేపు విని, "ఆవిడే పెట్టింది. ఆ ఇంట్లో పక్క సర్దేది ఆవిడేగా" అని వెళ్ళిపోయింది.