కొబ్బరిచెట్టు కింద పెంకుటిల్లు

రాజోలు దగ్గర పల్లె నుంచి ఇంటర్ చదివే కుర్రాడొకడు ఒక ప్రశ్న పంపాడు: “మాస్టారూ, విమానం దిగిన గంటలో మళ్ళీ ఎగిరిపోతుంది. స్పేస్ షటిల్ కూడా విమానంలాగే రన్‌వే మీద దిగేదట కదండీ. మరి దాన్ని మళ్ళీ పంపడానికి నెలలు నెలలు ఎందుకు పట్టేదండీ?”

మంచి ప్రశ్న. ఎంత మంచిదంటే, షటిల్‌ని, అంటే మనుషుల్ని అంతరిక్షంలోకి తీసుకెళ్ళి వెనక్కి తెచ్చిన ఆ నాసా వాహనాన్ని, కట్టినవాళ్ళు కూడా మొదట్లో రెండు వారాల్లో మళ్ళీ ఎగరేయొచ్చనే లెక్కలేసుకున్నారు. 1981 ఏప్రిల్ 12న మొదటి షటిల్ కొలంబియా లేచిన దగ్గర్నుంచి 2011 దాకా మొత్తం 135 ప్రయాణాలు జరిగాయి. దిగిన వాహనం అన్నిటికన్నా త్వరగా మళ్ళీ లేచింది 1985లో. అట్లాంటిస్ అనే షటిల్ అక్టోబరు 7న దిగి నవంబరు 26న ఎగిరింది. అంటే 50 రోజులు. ఆ తర్వాత అంత త్వరగా ఎప్పుడూ కుదరలేదు.

ఆలస్యంలో ఇంజన్లకీ, మిగతా సామానుకీ తలో వాటా ఉంది కానీ ఇవాళ వాటి జోలికి పోను. నాకు మోజు దాని కప్పు మీద. షటిల్ అంటే పెంకుటిల్లు. దాని ఒంటిమీద 24,000కు పైగా పెంకులు ఉండేవి, అన్నీ మనుషులు చేత్తో అతికించినవే. కోనసీమలో పెంకుటింట్లో పెరిగినవాళ్ళకి ఆ ఇంటితో వచ్చే బాధలు ఒకరు చెప్పక్కర్లేదు. తొలకరికి ముందు మనిషిని పైకెక్కించి, జారిన పెంకు సర్దించి, పగిలినది మార్పించి, తీరా వాన మొదలయ్యాక ఏ మూల కారుతుందోనని పైకి చూస్తూ కూర్చోవాలి. షటిల్ కథ కూడా అచ్చం అదే. కాకపోతే మనింట్లో కారితే బిందె పెట్టుకోవచ్చు.

అసలు పెంకులెందుకు? కక్ష్యలో వాహనం సెకనుకు 7.8 కిలోమీటర్లు పోతుంటుంది. ఆ వేగంలో ప్రతి కిలో బరువుకీ 30 మెగాజౌళ్ళ శక్తి ఉంటుంది. చల్లటి నీళ్ళు 11 లీటర్లు చుక్క మిగలకుండా ఆవిరి చేసేయడానికి అది చాలు. దిగేలోపు ఈ శక్తినంతా ఎక్కడో ఒకచోట వదిలించుకోవాలి. మన పాఠాల్లో “గాలి రాపిడి వల్ల వేడెక్కుతుంది” అని ఒక్క ముక్కలో తేల్చేస్తారు. ఆ ముక్క చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది. రాపిడి వాటా చిన్నది. ఎదురుగా ఉన్న గాలికి పక్కకి తప్పుకునే టైమ్ లేక, ఒక్కసారిగా నలిగిపోయి, వాహనం ముందు షాక్‌వేవ్‌గా మారి, ఆ నలగడంతోనే వేల డిగ్రీలకి చేరుతుంది. మొన సూదిగా ఉంటే ఆ షాక్‌వేవ్ ఒంటిని అంటుకునే ఉంటుంది. మొద్దుగా ఉంటే కాస్త ఎడంగా నిలబడుతుంది, వేడిలో చాలా భాగం గాలితోనే పక్కనుంచి జారిపోతుంది. 1950ల మొదట్లో అమెరికాలో జూలియన్ అలెన్ ఈ కిటుకు పట్టుకున్నాడు. లెక్క కావాలన్నవాళ్ళకి: గాలి సాంద్రతని మొన వ్యాసార్ధంతో భాగించి, వర్గమూలం తీసి, వేగం ఘనంతో గుణిస్తే వచ్చేదాన్ని బట్టి మొన మీద పడే వేడి మారుతుంది. వ్యాసార్ధం నాలుగింతలు చేస్తే వేడి సగానికి పడిపోతుంది. అందుకే షటిల్ ముక్కు బండగా ఉండేది. అది గాలిని ముక్కుతో చీల్చుకుంటూ రాకుండా, 40 డిగ్రీలు తల పైకెత్తి, పొట్ట చూపిస్తూ దిగేది కూడా అందుకే.

ఆ పొట్ట కింది నల్లపెంకు ఒకదాన్ని దగ్గరగా చూద్దాం. సుమారు 15 సెంటీమీటర్ల చదరం. ఇసుకలో ఉండే సిలికానే సన్నటి పోగులుగా లాగి, ముద్ద చేసి, కాల్చి కోసిన ముక్క. దాంట్లో పదింట తొమ్మిది వంతులు ఖాళీయే. ఘనపు మీటరుకి 144 కిలోలు, అంటే నీటి బరువులో ఏడో వంతు. పైన నల్లటి గాజుపూత. 1,260 డిగ్రీల కొలిమిలోంచి అప్పుడే తీసిన సిలికా దిమ్మని మూలలు పట్టుకుని ఒట్టి చేత్తో ఎత్తి చూపించేవారు. లోపల ఎర్రగా వెలుగుతూనే ఉంటుంది, వేళ్ళు మాత్రం కాలవు. లోపలి వేడి మూలదాకా రావడానికి అంత బద్ధకం.

పెంకు కింద ఉన్నది మామూలు అల్యూమినియం. అది 175 డిగ్రీలు దాటకూడదు. పైగా వేడికి బాగా సాగుతుంది. సిలికా సాగేది దాంట్లో నలభయ్యో వంతు. పెంకుని నేరుగా అల్యూమినియానికి అతికిస్తే ఠక్కున పగులుతుంది. అందుకని మధ్యలో ఒక మెత్తటి ఫెల్టు గుడ్డ వేసి, సిలికాన్ జిగురుతో అంటించి, పెంకుకీ పెంకుకీ మధ్య మిల్లీమీటరు అటూఇటూగా సందు వదిలారు. మన పెంకుల్ని కూడా మేకులు కొట్టి బిగించం కదా. చెక్క ఉబ్బినా, వాసం వంగినా పెంకు తనంతట తాను సర్దుకోవాలి.

సందంటూ ఉంటే దాంతో పాటు సమస్యా ఉంటుంది. కొన్ని సందుల్లో సన్నటి గుడ్డముక్కలు కూరారు. 2005లో డిస్కవరీ పైకెళ్ళాక చూస్తే పొట్ట కింద రెండుచోట్ల ఆ ముక్కలు బయటికి పొడుచుకొచ్చి ఉన్నాయి. ఎంత? రెండున్నర సెంటీమీటర్లు. దానికే ఎందుకంత టెన్షన్ అంటే, పొట్టని ఆనుకుని పారే గాలి పొర నున్నగా పారుతున్నంతసేపూ బయటి వేడిని తనే కొంత ఆపుతుంది. మధ్యలో ఏదైనా అడ్డు తగిలితే ఆ పొర సుడులు తిరుగుతుంది, బయటి వేడిగాలిని లోపలికి కలిపేసుకుంటుంది, ఆ చోటు నుంచి వెనకంతా వేడి అమాంతం పెరుగుతుంది. ఆగస్టు 3న స్టీఫెన్ రాబిన్సన్ రోబో చేతి మీద నిలబడి షటిల్ పొట్ట కిందికి వెళ్ళి, ఆ రెండు ముక్కల్నీ చేత్తో లాగేశాడు. సుతారంగా లాగితే వచ్చేశాయి. కక్ష్యలో పెంకు సర్దిన మనిషి!

ఇక వాన. అంత ఖాళీ ఉన్న పెంకు నీళ్ళు పీల్చుకోకుండా ఉంటుందా? ఫ్లోరిడా తీరం వాన విషయంలో మనకేం తీసిపోదు. నీళ్ళు పీల్చిన పెంకు బరువెక్కుతుంది, పైకెళ్ళాక ఆ నీరు గడ్డకట్టి పెంకుని పగలగొడుతుంది. అందుకని పెంకుల్లోకి నీరు అంటని రసాయనం ఎక్కించేవారు. తీరా దిగేటప్పటి వేడికి ఆ మందు కాలిపోయేది. కాబట్టి దిగిన ప్రతిసారీ, పెంకు పెంకుకీ సూదితో మళ్ళీ ఇంజక్షన్ చేయాల్సిందే. రాజోలు కుర్రాడా, నీ నెలల్లో పెద్ద ముక్క ఇక్కడుంది.

ఇన్ని పెంకులు అవసరమయ్యేంత పెద్ద రెక్కలు ఎందుకు పెట్టారన్నది ఇంకో కథ. నాసాలో మ్యాక్స్ ఫాజె గీసిన షటిల్‌కి చిన్న, తిన్నటి రెక్కలే ఉండేవి. అమెరికా వైమానిక దళం మాత్రం కాలిఫోర్నియాలో లేచి, ధ్రువాల మీదుగా ఒక్క చుట్టు చుట్టి, లేచిన చోటే దిగాలని పట్టుబట్టింది. ఆ గంటన్నరలో కింద భూమి తిరిగిపోతుంది కాబట్టి, దిగేటప్పుడు పక్కకి 2,000 కిలోమీటర్ల దాకా జారుకుంటూ రాగలగాలి. దానికోసం పెద్ద త్రికోణపు రెక్కలు పెట్టారు. రెక్క పెరిగితే కప్పు పెరిగింది, కప్పు పెరిగితే పెంకులూ పెరిగాయి. చివరికి కాలిఫోర్నియా నుంచి షటిల్ ఒక్కసారి కూడా ఎగరలేదు. ఎవరూ కాపురం చేయని గదికి ముప్పై ఏళ్ళు పెంకులు నేయించినట్టయింది.

లోపలి అమరిక మాత్రం ముచ్చటగా ఉంటుంది. ముక్కులో మనుషుల గది. పై అంతస్తులో నడిపేవాళ్ళ సీట్లు, కింది అంతస్తులో వంట, పడక, మరుగుదొడ్డి, అడుగున పరికరాలు. మొత్తం కలిపి సుమారు 65 ఘనపు మీటర్లు. ఈ గదిని షటిల్ బయటి ఒంటికి నాలుగంటే నాలుగు చోట్ల తగిలించి వేలాడదీశారు, ఆ ఒంటి వేడి లోపలికి పాకకుండా. దాని వెనక 18 మీటర్ల సామాను కొట్టు. ఆ కొట్టు తలుపుల లోపలి వైపునే వేడిని బయటికి వెళ్ళగక్కే రేడియేటర్లు ఉండేవి. అందుకని కక్ష్యలోకి చేరగానే తలుపులు బార్లా తెరవాల్సిందే, తెరుచుకోకపోతే త్వరగా తిరుగుముఖం పట్టడమే. మండువా లోగిలిలో ఇంటి వేడంతా నడిమధ్య ఆకాశంలోకి పోతుందే, అలాగన్నమాట.

ఇల్లు బాగానే కట్టారు, కట్టిన చోటే బాగాలేదు. కోనసీమలో పెంకుటింటి మీదికి వంగిన కొబ్బరిచెట్టు ఉంటే ఇంటావిడకి నిద్ర పట్టదు. ఎండుమట్ట రాలినా, కాయ రాలినా పెంకు పోయినట్టే. షటిల్‌ని సరిగ్గా అలాంటి చెట్టు పక్కనే కట్టారు. చెట్టు అంటే దాని పొట్టని ఆనుకుని నిలబడే నారింజ రంగు ట్యాంకు. లోపల అతిశీతల హైడ్రోజన్, ఆక్సిజన్. బయట మంచు పట్టకుండా నురగ పూత. ఆ నురగ రాలుతూనే ఉండేది.

ఆ నురగ ఎంత మెత్తనో 1995లో వడ్రంగిపిట్టలు చూపించాయి. డిస్కవరీ ట్యాంకుకి సుమారు 200 కన్నాలు పొడిచాయి. ప్రయోగం జూన్ నుంచి జులైకి వాయిదా పడింది. పిట్టల్ని బెదరగొట్టడానికి నాసావాళ్ళు ప్లాస్టిక్ గుడ్లగూబల్ని పెట్టారు. కొత్త ఇంటి ముందు దిష్టిబొమ్మ కట్టేవాణ్ణి చూసి నవ్వేవాళ్ళు దీన్ని కూడా ఒకసారి తలుచుకోవాలి. కాకపోతే గుడ్లగూబని చూస్తే పిట్ట నిజంగానే భయపడుతుంది, దిష్టిబొమ్మని చూసి దిష్టి భయపడినట్టు ఇంతవరకూ రుజువు లేదు. మనకి అపశకునమైన గుడ్లగూబ వాళ్ళకి కాపలాదారు కావడం ఇంకో తమాషా.

2003 జనవరి 16న తమాషా కాలేదు. కొలంబియా లేచిన 82వ సెకనులో ట్యాంకు నుంచి ముప్పావు కిలో నురగ ముక్క ఊడి, ఎడమ రెక్క ముందంచుకి తగిలింది. అక్కడ ఉండేది సిలికా పెంకు కాదు, కార్బన్ పలక. ఇంటి లెక్కన చెప్పాలంటే చూరు. అక్కడ పడిన కన్నంలోంచి ఫిబ్రవరి 1న, దిగేటప్పుడు, వేడిగాలి రెక్కలోకి దూరింది. కల్పనా చావ్లాతో సహా ఏడుగురూ పోయారు.

ఈ లెక్కంతా చూసుకునే తర్వాతివాళ్ళు పాత గుళిక ఆకారానికి తిరిగొచ్చారు. 2020 మే 30న మొదటిసారి మనుషుల్ని ఎక్కించుకున్న స్పేస్‌ఎక్స్ కంపెనీ గుళిక క్రూ డ్రాగన్, రాకెట్ నెత్తిన కూర్చుంటుంది. పైనుంచి రాలడానికి ఏమీ లేదు. వేడిని ఆపే డాలు దాని అడుగున ఉంటుంది, 4 మీటర్ల వెడల్పు. దాన్ని కప్పుతూ కింద ఒక డొల్ల గొట్టం, దాని మీద సౌర ఫలకాలు. దిగడానికి కాస్త ముందు ఆ గొట్టాన్ని వదిలేస్తారు. అప్పటిదాకా డాలుకి బయటి గాలే తగలదు. ప్రమాదం వస్తే గుళికని లాక్కుని ఎగిరిపోవడానికి గోడల్లోనే ఎనిమిది ఇంజన్లు ఉన్నాయి. షటిల్‌కి ఆ సదుపాయమే లేదు. లోపల చోటు మాత్రం 9 ఘనపు మీటర్ల పైచిలుకు, అంతే. 2025 జూన్‌లో శుభాంశు శుక్లా వెళ్ళింది ఈ రకం గుళికలోనే. దానికున్న చిక్కల్లా సముద్రంలో దిగడం. ఉప్పునీళ్ళు లోహాన్ని ఏం చేస్తాయో అంతర్వేదిలో కిటికీ ఊచలు చెబుతాయి.

రెక్కల మీద ఆశ మనవాళ్ళూ వదులుకోలేదు. ఇస్రో చిన్న రెక్కల వాహనం 2016 మే 23న శ్రీహరికోట నుంచి 65 కిలోమీటర్ల ఎత్తుకి వెళ్ళి బంగాళాఖాతంలో దిగింది. తర్వాత కర్ణాటకలోని చిత్రదుర్గ జిల్లాలో పుష్పక్ అనే ఇలాంటి రెక్కల వాహనాన్ని హెలికాప్టర్ నుంచి నాలుగున్నర కిలోమీటర్ల ఎత్తున వదిలి, రన్‌వే మీద దింపారు. 2024 జూన్‌లో జరిగిన మూడో ప్రయోగంలో అది నేలని తాకిన వేగం గంటకి 320 కిలోమీటర్ల పైమాటే. రెక్క పొట్టిదైతే అంతే, నెమ్మదిగా దిగడం కుదరదు.

పెంకుల కథలో నాకు బాగా నచ్చిన ఘట్టం 1988 డిసెంబరుది. అట్లాంటిస్ దిగాక చూస్తే 700 పైగా పెంకులు దెబ్బతిన్నాయి, ఒకటి అసలు లేనే లేదు. ఆ ఒక్కటీ ఊడిన చోట, అదృష్టం కొద్దీ, యాంటెన్నా బిగించడానికి వేసిన దళసరి లోహపు పలక ఉంది. వేడిని అది ఓర్చుకుంది. పలక ఇంకో అడుగు పక్కన ఉండుంటే ఏమయ్యేదో.

స్పేస్‌ఎక్స్‌లో స్టార్‌షిప్ అనే పెద్ద అంతరిక్ష నౌకని కట్టేవాళ్ళు ఆ పలకనే ఒళ్ళంతా పరిచినట్టు చేశారు. దాని ఒళ్ళు మొత్తం స్టెయిన్‌లెస్ స్టీలు, అల్యూమినియం కన్నా చాలా ఎక్కువ వేడిని తట్టుకుంటుంది. పైన ఆరు మూలల పెంకులు. ఆరు మూలలెందుకంటే, వేడిగాలి పరిగెత్తడానికి తిన్నటి సందు దొరక్కూడదని. చాలా పెంకుల్ని జిగురుతో కాక పిన్నులకి తగిలిస్తారు. 2024 జూన్ 6న దిగేటప్పుడు ఒక రెక్క మడత దగ్గర మంటలు పుట్టి లోహం కరిగిపోతుండటం కెమెరాలో కనిపిస్తూనే ఉంది. అయినా నౌక సముద్రం దాకా వచ్చి నిలువుగా దిగింది. ఆ అక్టోబరు ప్రయోగానికి పెంకులన్నీ మార్చి, కింద మరో రక్షణ పొర వేశారు. మనుషుల్ని మాత్రం ఇంకా ఎక్కించలేదు. కొన్ని ప్రయోగాల్లో కావాలనే అక్కడక్కడా పెంకులు పీకేసి, కింద స్టీలు ఎంతవరకూ ఓర్చుకుంటుందో చూస్తున్నారు.