నటుడు అడుగు ముందుకేస్తే అంకెలు ఎందుకు మరిచిపోతాం?

తాళానికి నాలుగు అంకెలు కావాలి. మూడు దొరికాయి, నాలుగోదాని కోసం గోడ తడుముతుండగా వెనుక తలుపు కిర్రుమంటుంది. అంతే, దొరికిన మూడూ ఎగిరిపోతాయి. భయానక ఎస్కేప్ రూమ్‌లో, అంటే నటులు భయపెడుతుండగా చిక్కుముడులు విప్పి బయటపడాల్సిన ఆటగదిలో, ఇది మామూలే. దీన్ని మతిమరుపు అనలేం.

అంకెలను కాసేపు మనసులో నిలిపి ఉంచే పనిలో నుదుటి వెనుక ఉండే ప్రీఫ్రంటల్ కార్టెక్స్‌ది ప్రధాన పాత్ర. భయంతో నోరెపినెఫ్రిన్, డోపమైన్ అనే మెదడు రసాయనాల మోతాదు మించితే దాని పట్టు సడలుతుంది. 2007లో లండన్‌లో డీన్ మాబ్స్ బృందం కొందరిని మెదడు స్కానర్‌లో ఉంచి, తెరమీద వెంటాడే గుర్తు నుంచి తప్పించుకునే ఆట ఆడించింది. దొరికిపోతే విద్యుత్ షాక్ తగలవచ్చు. వేటగాడు దూరంగా ఉన్నంతసేపు ప్రీఫ్రంటల్ కార్టెక్స్ చురుగ్గా ఉంది. దగ్గరయ్యేకొద్దీ ఆ చురుకుదనం మధ్యమెదడులోని పెరియాక్విడక్టల్ గ్రే అనే పాత భాగానికి మారింది. ఆలోచన తగ్గి, పారిపోవడమో బిగుసుకుపోవడమో మొదలయ్యేది అక్కడే. (అదే ఏడాది జపాన్‌లోని క్యోటోలో తకావో కాటో, కంప్యూటర్‌లో కాకుండా నిజమైన గదిలో ఆడే తొలి ఎస్కేప్ గేమ్ నిర్వహించారు. దయ్యాలు ఆ తర్వాత చేరాయి.)

అంటే భయానికి కళ్లెం దూరమే. రికార్డు చేసిన అరుపు అందరికీ ఒకేలా వినిపిస్తుంది. నటుడు అలా కాదు, మనల్ని గమనిస్తాడు. ఆట చప్పబడితే ఒక అడుగు ముందుకు వేస్తాడు, ఎవరైనా నిజంగా బెదిరిపోతే మరొకరి వైపు తిరుగుతాడు. ఆడేవారిని తాకకూడదని చాలాచోట్ల నియమం ఉంటుంది, తాకనక్కర్లేదు కూడా. ఆపకుండా చెవిలో అరిచే నటుడు నా దృష్టిలో పని రానివాడే.

ఈ మాటకు ఆధారం ఉంది. డెన్మార్క్‌లో నటులతో నడిచే ఒక దయ్యాల కొంపలో 110 మందికి గుండె వేగం కొలిచే పరికరాలు కట్టి పరిశీలించారు. మార్క్ ఆండర్సన్ బృందం 2020లో ప్రచురించిన ఆ ఫలితాల్లో, భయం పెరిగేకొద్దీ ఆనందం కొంతవరకు పెరిగి, ఆపైన తగ్గింది. శిఖరం మధ్యలో ఉంది.

అందుకే ఇలాంటి గదిలో లెక్కల చిక్కుముడి పెట్టడం నాకు నచ్చదు. పెరియాక్విడక్టల్ గ్రేకు కూడికలు రావు. వెతకడం, లాగడం, ఒకరు టార్చి పట్టుకుంటే ఇంకొకరు తాళంచెవి తిప్పడం వంటి పనులైతే వణికే చేతులతోనూ సాగుతాయి. అంకెలు తప్పనిసరైతే, వాటిని రాసుకోవడానికి ఒక పలకా సుద్దముక్కా ఇవ్వవచ్చు.