తెలంగాణ తల్లికి కిరీటం ఎక్కడి నుంచి వచ్చింది: ఒక గొడవ వెనక ఉన్న నూట ముప్పై ఏళ్ల కథ

2024 డిసెంబర్ 9న హైదరాబాద్ సెక్రటేరియట్ ఆవరణలో కొత్త తెలంగాణ తల్లి విగ్రహం పెట్టారు కదా, అప్పుడు మొదలైన లొల్లి ఇప్పటికీ పూర్తిగా ఆగలేదు. పాత తల్లికి కిరీటం ఉండేది, వడ్డాణం, ఒంటినిండా నగలు, ఒక చేతిలో బతుకమ్మ, ఇంకో చేతిలో మక్క కంకి. కొత్త తల్లికి కిరీటం తీసేశారు, ఆకుపచ్చ చీర కట్టారు, ఒక చెయ్యి అభయహస్తం, ఇంకో చేతిలో వరి, జొన్న, సజ్జ, మక్క కంకులు పెట్టారు, బతుకమ్మ లేదు. బతుకమ్మను తీసేస్తే అది తెలంగాణ తల్లి ఎట్లా అవుతుంది, అది కాంగ్రెస్ తల్లి అని బీఆర్ఎస్ వాళ్లు. మన ఇళ్లల్లో అమ్మలు కిరీటాలు పెట్టుకుని తిరుగుతారా, తల్లి తల్లి లాగా ఉండాలి గాని దేవత లాగా కాదు అని ప్రభుత్వం వాళ్లు. టీవీ డిబేట్లలో పార్టీల గొడవ లాగే నడిచింది, అందులో పార్టీ గొడవ చాలానే ఉంది కూడా, కాదనను. కానీ అసలు మన నేలకి ఒక ఆడమనిషి ముఖం ఉండాలి, ఆ ముఖం ఇట్లాగే ఉండాలి అనే ఆలోచన ఎప్పటిది, ఎవరి దగ్గర్నుంచి వచ్చింది అనేది ఎవరూ పెద్దగా మాట్లాడలేదు.

ముందు ఒక సంగతి గమనించాలి. మన ఊరి దేవతల్లో చాలామందికి ముఖమే లేదు. మేడారంలో సమ్మక్కకి విగ్రహం లేదు, చిలకలగుట్ట మీద నుంచి కుంకుమ భరిణె రూపంలో తల్లిని గద్దె మీదకి తెస్తారు, కన్నెపల్లి నుంచి సారలమ్మ వస్తుంది, లక్షల మంది మొక్కుతారు, బంగారం అని బెల్లం ఇస్తారు, అమ్మవారి ముక్కు ఎట్లా ఉంది కళ్లు ఎట్లా ఉన్నాయి అని ఎవరికీ అక్కర్లేదు. ఊరి మధ్యలో బొడ్రాయి అంటే పసుపు కుంకుమ పూసిన రాయి. బోనం అంటే కుండ, పైన దీపం. అంతెందుకు, ఇంత గొడవకి కారణమైన బతుకమ్మే తంగేడు, గునుగు, బంతి పూలు పేర్చిన దొంతర, మీద పసుపుతో చేసిన గౌరమ్మ. అంటే బతుకమ్మకి కూడా ముఖం లేదు! అందం లేదని కాదు, అంత అందమైన పండగ ఇంకోటి ఉందా అసలు, కానీ ఆ అందం పువ్వుల్లో, రంగుల్లో, పాటలో ఉంది, ఒక ఆడమనిషి ఒంటి రంగులో, నడుములో లేదు. బొమ్మలు లేవని కాదు, కథలు చెప్పడానికి బట్ట మీద వేసే చేర్యాల నకాషీ పటాల్లో దేవతలున్నారు, కానీ అక్కడ ఒంటి రంగు పాత్రని బట్టి వేసేది, నీలం దేవుడు, పసుపు దేవత, అట్లా. చూడగానే ఎవరెవరో తెలియడానికి ఆ రంగు, మన పక్కింటామె లాగా కనిపించాలని కాదు.

మరి పక్కింటామె లాగా కనిపించే దేవత ఎప్పుడొచ్చింది అంటే, రాజా రవివర్మ దగ్గరికి పోవాల్సిందే. తిరువాన్కూరు వైపు కిళిమానూరులో 1848లో పుట్టాడు, రాజకుటుంబంతో బంధుత్వం ఉన్న ఇల్లు, ఆయిల్ పెయింటింగ్ అనే యూరోపియన్ పద్ధతిని పట్టేసి మన పురాణాల్ని అందులో వేశాడు. అంతటితో ఆగితే మహారాజుల హాళ్లలో ఉండిపోయేవి ఆ బొమ్మలు. ఆయన 1894లో బొంబాయిలో లితో ప్రెస్, అంటే రంగు బొమ్మలు వేలకొద్దీ అచ్చేసే ప్రెస్, పెట్టాడు, అదీ అసలు మలుపు. తర్వాత ప్రెస్సు లోనావాలా దగ్గర మళవలికి మారింది, కొన్నాళ్లకి ష్లైకర్ అనే జర్మన్ కొనుక్కున్నాడు. తామర పువ్వులో నిలబడ్డ లక్ష్మి, వీణ పట్టుకున్న సరస్వతి, వేల కాపీలు, చవక ధర, రైలెక్కి దేశమంతా పోయినాయి. తర్వాత సబ్బుల కంపెనీలు, పాలపిండి కంపెనీలు క్యాలెండర్లు వేసుకున్నాయి ఆ బొమ్మలతోనే.

దేవతలందర్నీ తెల్లగా చేశాడని రవివర్మని తిట్టడం ఇప్పుడు ఫ్యాషన్, నేను పూర్తిగా ఆ గుంపులో లేను. ఎందుకంటే అప్పట్లో గుడిలోకి అడుగు పెట్టనివ్వని మనుషులు కోట్లలో ఉన్నారు, తిరువాన్కూరులోనే ఆలయ ప్రవేశ ప్రకటన వచ్చింది 1936లో, అంతకు నలభై ఏళ్ల ముందే కొన్ని అణాలు పెడితే లక్ష్మీదేవి నీ గోడ మీదకి వచ్చేసింది, మధ్యలో పూజారి లేడు. ఇది చిన్న విషయం కాదు. కానీ వచ్చిన ఆ లక్ష్మి ఎట్లా ఉంది? తెల్లటి ఒళ్లు, గుండ్రటి ముఖం, నిగనిగలాడే జరీ చీర, కిరీటం, ఒంటినిండా నగలు. బాగా బతికిన ఇంటి ఆడమనిషి. ఇంకా విచిత్రం ద్రౌపది. మహాభారతంలో ఆమె పేరే కృష్ణ, నల్లని మనిషి, మన నన్నయ కూడా నల్లకలువ లాంటి మేనిరంగు అనే వర్ణించాడు, దేశంలో రాజులంతా ఎగబడి వచ్చింది ఆ నల్లపిల్ల స్వయంవరానికే. రవివర్మ బొమ్మల్లో ఆమె తెల్లగా అయిపోయింది. అయితే తెలుపు పిచ్చి మొత్తం ఆయనే తెచ్చాడు అంటే అదీ తప్పే, మనుచరిత్రలో మన పెద్దనగారి వరూధిని మెరుపుతీగ లాంటి ఒళ్లున్నదే కదా. కానీ కావ్యాల్లో రెండు రంగులకీ చోటుండేది, చదివినవాళ్లు ఎవరికి తోచినట్టు వాళ్లు ఊహించుకునేవాళ్లు. క్యాలెండర్ వచ్చాక ఊహ పని అయిపోయింది, అందరి గోడ మీదా ఒకటే ముఖం. మాయాబజార్ 1957లో వచ్చాక కృష్ణుడంటే ఎన్టీఆర్ ముఖమే అయిపోయి ఆయన ఫోటోలు పూజ గదుల్లోకి ఎక్కాయి, అదీ ఇదే వరస.

దేవత నుంచి దేశం దగ్గరికి వద్దాం. 1905లో బెంగాల్ విభజన గొడవల్లో అవనీంద్రనాథ్ ఠాగూర్ భారతమాత బొమ్మ వేశాడు. దాన్ని ఒకసారి వెతికి చూడండి, కాషాయ బట్టల్లో సన్నగా ఒక సన్యాసిని లాంటామె, నాలుగు చేతులు, వాటిల్లో పుస్తకం, వరి కంకులు, జపమాల, తెల్లటి బట్ట. కిరీటం లేదు, సింహం లేదు, నగలు దాదాపు లేనట్టే. ఆ తర్వాత క్యాలెండర్ల వాళ్లు అదే తల్లికి కిరీటం పెట్టారు, సింహాన్ని ఇచ్చారు, దేశం మ్యాప్ మీద నిలబెట్టారు, జెండా పట్టించారు. అంటే కిరీటం తర్వాత వచ్చి చేరింది అన్నమాట. కాబట్టి 2024లో కిరీటం తీసేసి చేతిలో పంట కంకులు పెట్టిన విగ్రహం ఏదో కొత్త ప్రయోగం అన్నట్టు కొందరు మాట్లాడారు గానీ అది నూట ఇరవై ఏళ్ల కిందటి మొదటి నమూనాకే దగ్గరగా పోయింది.

తెలుగు తల్లి ఈ వరుసలో తర్వాత వచ్చిన మనిషి. శంకరంబాడి సుందరాచారి రాసిన ‘మా తెలుగు తల్లికి మల్లెపూదండ’ పాట టంగుటూరి సూర్యకుమారి గొంతుతో జనంలోకి పోయింది, అప్పటికింకా తెలుగువాళ్లకి రాష్ట్రమే లేదు. 1956లో ఆంధ్రప్రదేశ్ వచ్చాక ఆ తల్లి అందరి తల్లి అన్నారు. అందరిదీ అవునా కాదా అనేదే తర్వాత యాభై ఏళ్ల రాజకీయం. ఎన్టీఆర్ టైంలో ట్యాంక్‌బండ్ మీద తెలుగు ప్రముఖుల విగ్రహాలు వరుసగా పెట్టారు, అందులో మావాళ్లు ఎంతమంది అని తెలంగాణలో లెక్క అడిగారు, చివరికి 2011 మార్చి 10 మిలియన్ మార్చ్ రోజు వాటిల్లో చాలా విగ్రహాలు కూలాయి. ఆ కోపం ఆ రాళ్ల మీద కాదు. మాకూ ఒక తల్లి కావాలి అనే పట్టుదల 2001లో టీఆర్ఎస్ (ఇప్పటి బీఆర్ఎస్) పుట్టాక ఉద్యమ రోజుల్లో విగ్రహంగా మారింది, ఊరి చౌరస్తాల్లో చందాలేసుకుని పెట్టుకున్నారు. అయితే చూడండి, తెలుగు తల్లిని కాదని చేసుకున్న ఆ తల్లిని కూడా రవివర్మ లక్ష్మి అచ్చులోనే పోశారు. అదే నిలబడే తీరు, అదే కిరీటం, అవే నగలు, తేడా చేతుల్లో బతుకమ్మ, మక్క కంకి. నాకు ఇందులో తప్పేం కనబడదు, అప్పటికి గౌరవం అంటే ఎట్లా ఉండాలో జనానికి తెలిసిన బొమ్మ అదొక్కటే, మా తల్లి మీ తల్లి కంటే తక్కువ కాదు అని చెప్పాలంటే కిరీటం కావాల్సిందే.

వేరే బొమ్మలు లేవా అంటే ఉన్నాయి, అచ్చం ఇక్కడివే. కోస్తా వైపు అమ్మాయి అనగానే బాపు గీసిన వాలుజడ, పెద్ద కళ్లు గుర్తొస్తాయి, పత్రికల్లో అవి ఎక్కువగా నల్లగీతలే కాబట్టి ఒంటి రంగు మనమే నింపుకున్నాం. తెలంగాణ వైపు చిత్రకారుడు తోట వైకుంఠం ఉన్నారు. 1942లో కరీంనగర్ వైపు బూరుగుపల్లిలో పుట్టారు, బరోడాలో కె.జి. సుబ్రమణ్యన్ దగ్గర నేర్చుకున్నారు, బి. నర్సింగరావు ‘దాసి’ సినిమాకి కళాదర్శకుడిగా జాతీయ అవార్డు కూడా వచ్చింది. ఆయన బొమ్మల్లో ఆడవాళ్లు నల్లగా ఉంటారు, చామనఛాయ అని సర్ది చెప్పే నలుపు కాదు, నిజంగా నలుపే. నుదుటి మీద ఇంత బొట్టు, ఎర్ర చీర, పచ్చ రవిక, నిండైన ఒళ్లు, దర్జాగా కూర్చుని ఉంటారు. ఇప్పుడు హైదరాబాద్‌లో హోటల్ గోడల మీద, చీరల మీద, పెళ్లి పత్రికల మీద ఆ బొమ్మల కాపీలే. నల్లటి ఆడమనిషి బొమ్మని జనం ఇష్టపడరు అనే మాట ఇక్కడ చెల్లదు.

అయినా 2024లో జరిగిన వాదన మొత్తం కిరీటం ఉండాలా వద్దా, బతుకమ్మ ఉండాలా వద్దా అనే రెండింటి చుట్టూనే తిరిగింది, నేను విన్నంతలో తల్లి ముఖం రంగు గురించి రెండు పార్టీల్లో ఎవరూ నోరెత్తలేదు. నా మటుకు నాకు కిరీటం తీసేయడం నచ్చింది, బతుకమ్మని తీసేయడం నచ్చలేదు, ఎందుకంటే ఆ పాత విగ్రహంలో మక్క కంకి కాకుండా రవివర్మ క్యాలెండర్ నుంచి రానిది ఏదైనా ఉందంటే ఆ పూల దొంతర ఒక్కటే, దాన్నే తీసేశారు. కొత్తదాన్నే అధికారిక రూపం అని ప్రభుత్వం ప్రకటించింది, ఊళ్లల్లో చందాలేసుకుని పెట్టుకున్న పాతవి అట్లాగే ఉన్నాయి, ఒకదానికి ఒక పార్టీ దండలేస్తుంది ఇంకోదానికి ఇంకో పార్టీ. రేపు ప్రభుత్వం మారితే మూడో రూపం రాదని గ్యారంటీ ఏం లేదు.