లంబసింగిలో మా స్టవ్ ఎందుకు అలిగింది

రెండేళ్ళ కిందట డిసెంబర్ చివర్లో ఐదుగురం లంబసింగి వెళ్ళాం, చెరువులవేనం దగ్గర పొద్దున్నే మబ్బులు చూడాలని అందరికీ ఉండే సరదానే మాకూ. తెల్లారుజామున నాలుగున్నరకి చలికి నిద్రపట్టక లేచి టీ పెడదామని పోర్టబుల్ స్టవ్ తీశాం, అదే, చిన్న సూట్‌కేసులా ఉండి పక్కన స్ప్రే డబ్బా లాంటి పొడుగు గ్యాస్ డబ్బా పెట్టుకునేది. వెలిగింది, బానే మండింది, నీళ్ళు గోరువెచ్చన అయ్యాయో లేదో మంట చిక్కిపోయి, చిక్కిపోయి, టప్‌మని ఆరిపోయింది. మా బావ డబ్బా తీసి చెవి దగ్గర ఊపాడు. లోపల గలగలమంటోంది, సగం పైనే ఉంది. "ఉండి కూడా రావట్లేదంటే డూప్లికేట్ సరుకు అంటగట్టాడ్రా షాపోడు" అని తిట్టుకుంటుంటే టెంట్లు అద్దెకిచ్చిన కుర్రాడు వచ్చి ఆ డబ్బా తీసుకుని శాలువా లోపల చంకలో పెట్టుకుని కూర్చున్నాడు. "చలికి పడుకుందన్నా, కాసేపాగితే లేస్తాది" అన్నాడు. పది నిమిషాల తర్వాత పెడితే భగ్గుమంది.

షాపోడి తప్పేం లేదు. ఆ డబ్బాలో ఉన్నది గ్యాస్ కాదు, ద్రవం, ఊపితే గలగలమనేది అదే. ద్రవం మండదు, దాన్నుంచి లేచిన ఆవిరి మండుతుంది, అది పెట్రోలైనా కిరసనాయిలైనా ఇంతే. కాబట్టి ఏ స్టవ్ కొనే ముందైనా అడగాల్సిన ప్రశ్న ఒకటే, ఈ ద్రవాన్ని ఆవిరి చెయ్యడానికి వేడి ఎవరిస్తారు? మన వంటింటి సిలిండర్‌కి ఆ వేడి చుట్టూ ఉన్న గాలే ఇస్తుంది, విజయవాడ ఎండలో దానికి లోటేముంది, అందుకే మనకి ఈ ప్రశ్న ఎప్పుడూ రాలేదు.

చవకగా దొరికే పొడుగు డబ్బాల్లో ఎక్కువగా ఉండేది బ్యూటేన్. మామూలు గాలి పీడనంలో అది మరిగేది మైనస్ అర డిగ్రీ దగ్గర. 20 డిగ్రీల వాతావరణంలో డబ్బా లోపల పీడనం బయటికి దాదాపు రెట్టింపు ఉంటుంది కాబట్టి గ్యాస్ బుస్సుమని వస్తుంది, సున్నా దగ్గర లోపలా బయటా దాదాపు ఒకటే అయిపోతుంది, ఇక బయటికి తోసేవాడెవడు? మరి ఆ రోజు లంబసింగిలో సున్నా కాదుగా, ఐదో ఆరో ఉంది, మొదట్లో వెలిగింది కూడా కదా అంటారు. ఇక్కడే అసలు తమాషా. ఒళ్ళు తడిసి గాలి తగిలితే వణుకు పుట్టినట్టే ద్రవం ఆవిరయ్యేటప్పుడు తన వేడి తనే తినేస్తుంది. నేను ఇంటికొచ్చాక కాగితం మీద లెక్కేశా: 2 కిలోవాట్ల మంట గంటకి 150 గ్రాముల పైన గ్యాస్ తాగుతుంది, ఆ వేగంతో ఆవిరి చెయ్యాలంటే సుమారు 16 వాట్ల వేడి కావాలి, అదంతా 100 గ్రాముల ద్రవం, దాని రేకు డబ్బా కలిపి సొంతంగా భరిస్తే నిమిషానికి మూడు డిగ్రీల చొప్పున చల్లబడతాయి. చుట్టూ గాలి కొంత వేడి తిరిగిస్తుంది గానీ ఆ చలిలో అదెంత. అంటే ఐదు డిగ్రీల దగ్గర మొదలెట్టిన డబ్బా రెండు నిమిషాల్లో సున్నాకి వచ్చేస్తుంది, మాకు టీ నీళ్ళు గోరువెచ్చనయ్యేంత సేపు, కరెక్టుగా. డబ్బా మీద మంచు తెల్లగా పట్టుంటుంది, చీకట్లో మేం చూసుకోలేదు.

కాబట్టి చలి ఊళ్ళకి వెళ్తే రెండు డబ్బాలు పెట్టుకోండి, ఒకటి స్టవ్‌లో ఒకటి ఒంటి దగ్గర, మార్చి మార్చి వాడండి, రాత్రి పడుకునేటప్పుడు దుప్పట్లోకి తీసుకోండి. నిలువుగా కూర్చునే గుండ్రటి డబ్బా, మర తిప్పి పైన బర్నర్ పెట్టే రకం అయితే గిన్నెలో రెండు వేళ్ళ లోతు గోరువెచ్చని నీళ్ళు పోసి అందులో నిలబెట్టి వాడొచ్చు, మామూలు చన్నీళ్ళు కూడా పని చేస్తాయి, 16 వాట్లు ఇవ్వడం నీళ్ళకి పెద్ద పని కాదు. అంతేగానీ మంట దగ్గర పెట్టి వేడి చెయ్యడం, మరిగే నీళ్ళు పొయ్యడం, అవి మాత్రం వద్దు, డబ్బా ఒకసారి ఉబ్బితే ఇక చెప్పడానికి ఎవరూ మిగలరు.

నిజంగా మంచు కొండలకి వెళ్ళేవాళ్ళు ఐసోబ్యూటేన్, ప్రొపేన్ కలిపిన డబ్బా కొనాలి. ఐసోబ్యూటేన్ మైనస్ 12 దగ్గర, ప్రొపేన్ మైనస్ 42 దగ్గర మరుగుతాయి. మరి మొత్తం ప్రొపేనే నింపొచ్చుగా అంటే దాని పీడనానికి ఈ పల్చటి డబ్బా ఆగదు, బరువైన సిలిండర్ కావాలి, దాన్ని మోసుకుని కొండెక్కాలి. ఇంకో చిక్కుంది, కలిపిన డబ్బాలో ప్రొపేన్ ముందు ముందు ఎగిరిపోయి చివరికి బరువు రకాలే మిగులుతాయి, కొత్త డబ్బా హుషారుగా, పాత డబ్బా నీరసంగా మండేది అందుకే. ఎత్తుకి వెళ్ళే కొద్దీ మనకి ఒక చిన్న ఊరట, అక్కడ బయటి గాలి పీడనం తగ్గుతుంది కాబట్టి బ్యూటేన్ ఇంకా ఎక్కువ చలిలో కూడా బయటికి రాగలదు. నీళ్ళకీ అదే రూలు మరి, 300 మీటర్లకి సుమారు ఒక డిగ్రీ తగ్గుతూ లంబసింగిలో 97 దగ్గర, లేహ్‌లో 88 దగ్గర మరిగిపోతాయి. లేహ్‌లో పప్పు ఎంతసేపు ఉడకేసినా రాయిలా ఉందని వాపోయే మనవాళ్ళు ఉంటారు, చిన్న కుక్కర్ తీసుకెళ్ళాల్సింది.

ఎన్ని డబ్బాలు కావాలి అనే దానికి ఒక గుర్తు చెప్తా. లీటరు నీళ్ళు 10 డిగ్రీల నుంచి మరగడానికి 380 కిలోజౌల్స్ కావాలి, ఒక గ్రాము గ్యాస్‌లో 46 ఉంటాయి, అంటే ఎనిమిది గ్రాములు చాలు. కాగితం మీద. నిజంలో సగం వేడి గిన్నె పక్కనుంచి పోతుంది కాబట్టి 16 గ్రాములు, గాలి కొడుతుంటే మూత లేకపోతే ముప్ఫై అయినా ఆశ్చర్యం లేదు. ఖరీదైన బర్నర్ కొనడం కంటే మూత పెట్టడం మంచి పెట్టుబడి అని నా ఉద్దేశం. గాలికి అడ్డం పెట్టేటప్పుడు మాత్రం డబ్బా మీద కూర్చునే బర్నర్‌కి చుట్టూ రేకు బిగించకండి, వేడి లోపలే తిరిగి డబ్బాని కాలుస్తుంది, గాలి వచ్చే వైపు ఒక్కటే బ్యాగో రాయో అడ్డం పెట్టండి. సూట్‌కేసు స్టవ్ మీద పెద్ద దోసెల పెనం పెట్టడం కూడా ఇలాంటి తప్పే, పెనం డబ్బా పెట్టే చోటు మీదకి వచ్చేసి వేడి కిందకి కొడుతుంది. ఆ పొడుగు డబ్బా అంచుకి చిన్న గాటు ఉంటుంది చూడండి, అది పైకి ఉండేలా పెట్టాలి, అప్పుడే లోపలి గొట్టం ఆవిరిని పీలుస్తుంది, తిరగేసి పెడితే ద్రవం బర్నర్‌లోకి వచ్చి మంట కనుబొమ్మల దాకా లేస్తుంది. నా కనుబొమ్మలు క్షేమం, మా తమ్ముడి సంగతి అడక్కండి.

మా అమ్మమ్మ వాళ్ళింట్లో పంపు స్టవ్ ఉండేది, కిరసనాయిలుది, దాన్ని వెలిగించడం ఒక తంతు. ముందు కప్పులో స్పిరిట్ పోసి వెలిగించాలి, అది కాలుతూ పైన ఇత్తడి గొట్టాన్ని కాలుస్తుంది, అప్పుడు పంపు కొడితే కిరసనాయిలు ఆ గొట్టంలోకి ఎక్కి అక్కడే ఆవిరై సన్న రంధ్రంలోంచి బుర్రుమని వచ్చి నీలంగా మండుతుంది. తొందరపడి ముందే కొట్టామా, ఎర్రటి మంట, ఇల్లంతా మసి. పిన్నుతో పొడవడం గుర్తుండే ఉంటుంది చాలామందికి. నేను పైన అడిగిన ప్రశ్నకి ఇది ఇంకో జవాబు: మొదటి వేడి స్పిరిట్ ఇస్తుంది, తర్వాత తన మంటే తన గొట్టాన్ని కాలుస్తుంది, పీడనం మన చెయ్యి ఇస్తుంది, చలితో పని లేదు. స్వీడన్‌లో ఫ్రాన్స్ లిండ్‌క్విస్ట్ 1892లో ప్రైమస్ పేరుతో తెచ్చిన పద్ధతి ఇది, 1911లో అముండ్‌సెన్‌తో దక్షిణ ధ్రువానికీ 1953లో ఎవరెస్ట్‌కీ వెళ్ళింది ఆ జాతి స్టవ్వే. ఇప్పటికీ గడ్డకట్టే చలిలోకి వారాల తరబడి వెళ్ళేవాళ్ళు ద్రవ ఇంధనం స్టవ్వే నమ్ముకుంటారు. వారాంతం సరదాకి అంత తంతు అవసరం లేదనుకోండి.

ఇక ప్రాణాల మీదకి వచ్చే విషయం. బయట చలిగా ఉంది కదాని స్టవ్ టెంట్‌లోకి తేవద్దు, కుంపటి అసలే వద్దు. బొగ్గులు ఎర్రగా ఉండి పొగ రాకపోతే ప్రమాదం లేదనుకుంటారు, కానీ అప్పుడే కార్బన్ మోనాక్సైడ్ దండిగా వస్తుంది, దానికి వాసన లేదు రంగు లేదు, రక్తంలో హిమోగ్లోబిన్‌ని ఆక్సిజన్ కంటే 200 రెట్లకి పైగా గట్టిగా పట్టుకుంటుంది. తలనొప్పి, మత్తు, నిద్ర, అంతే. గ్యాస్ స్టవ్ మంట నీలంగా ఉన్నా సరే, చల్లటి గిన్నె మంటకి మరీ ఆనుకుంటే అది సగం కాలి ఇదే గ్యాస్ వదులుతుంది. లీకైన బ్యూటేన్ గాలి కంటే రెండింతలు బరువు, టెంట్‌లో నేల మీద పరుచుకుని ఉంటుంది, మనం పడుకునేదీ అక్కడే. రైల్లో తీసుకెళ్దామనే ఆలోచన కూడా మానుకోండి, నిషేధం ఊరికే పెట్టలేదు, 2023 ఆగస్టు 26న మదురైలో టూరిస్టు బోగీ కాలి తొమ్మిది మంది పోయింది దొంగచాటుగా తెచ్చుకున్న సిలిండర్ వల్లే. విమానంలో అయితే చెక్ఇన్ బ్యాగులో కూడా పెట్టనివ్వరు, దిగిన ఊళ్ళో కొనుక్కోవడమే.

వెలుతురు సంగతికొస్తే నాకు పెట్రమాక్స్ లైటంటే పిచ్చి. పెళ్ళి ఊరేగింపులో నెత్తిన పెట్టుకుని నడిచేవాళ్ళు కదా, ఆ బుర్రుమనే చప్పుడు వింటే ఇప్పటికీ పులిహోర వాసన గుర్తొస్తుంది. అది కూడా పంపు స్టవ్వే, గొట్టం కాల్చడం దగ్గర్నుంచి అంతా అదే, పైన గిన్నె బదులు మేంటిల్ కట్టారు, బెర్లిన్‌లో మాక్స్ గ్రేట్జ్ కంపెనీ 1910 ప్రాంతంలో తెచ్చింది, పేరు చివర మాక్స్ ఆయనే. వెలుగు మంటది కాదు, మేంటిల్‌ది. కొత్త మేంటిల్ మెత్తటి గుడ్డ సంచి, మొదటిసారి వెలిగిస్తే గుడ్డ కాలిపోయి ఆ ఆకారంలో బూడిద వేలాడుతుంది, వేలు తగిలితే పొడి పొడి. ఆస్ట్రియాలో కార్ల్ ఆయర్ 1880ల్లో మొదలుపెట్టి, 1891 నాటికి 99 పాళ్ళు థోరియం ఆక్సైడ్, ఒక పాలు సీరియం ఆక్సైడ్ అనే కొలత దగ్గర ఆగాడు. థోరియం ఆక్సైడ్ ఎంత కాలినా కరగదు, కంటికి కనపడని వేడి కిరణాలు తక్కువ వదులుతుంది, ఆ చిటికెడు సీరియం తెల్లటి వెలుగిస్తుంది. ఆ థోరియం ఎక్కడిదంటే మోనజైట్ ఇసుక, కేరళ తీరంలో ఇరవయ్యో శతాబ్దం మొదట్లో జర్మన్లు దానికోసమే వచ్చారు, మన భీమిలి, శ్రీకాకుళం బీచ్ ఇసుకలో కూడా ఉంది. థోరియానికి కొద్దిగా రేడియోధార్మికత ఉంది కాబట్టి ఇప్పుడు చాలా మేంటిళ్ళు ఇట్రియంతో చేస్తున్నారు, పాతది ఎక్కడైనా దొరికితే ఆ బూడిద ఊదకండి.

క్యాంపుకి మాత్రం నా ఓటు ఎల్ఈడీకే, ప్రేమ వేరు పని వేరు. దీన్ని టెంట్‌లో పెట్టుకోవచ్చు, అదొక్కటి చాలు. 10,000 ఎంఏహెచ్ పవర్ బ్యాంక్ అంటే 37 వాట్ అవర్లు, బయటికొచ్చేది ఇంకా తక్కువ, మూడు వాట్ల లాంతరుకి ఒక రాత్రి హాయిగా సరిపోతుంది. చలికి బ్యాటరీ కూడా పడుకుంటుంది, దానికీ శాలువాలో చోటివ్వాలి. అంకె పెద్దగా ఉన్న లైటు కొనకండి, నలుగురు కూర్చుని తినడానికి రెండొందల ల్యూమెన్లు చాలు, ఎదుటోడి కళ్ళల్లో కొట్టకుండా పైన తెల్లటి పల్చటి కవర్ తగిలిస్తే ఇంకా మంచిది. రంగు పసుపుది తీసుకోండి, తెల్ల నీలం వెలుగుకి పురుగులు ఎక్కువ వస్తాయి. అవి లైటంటే ఇష్టపడి వస్తాయనుకుంటాం గానీ, 2024లో శాస్త్రవేత్తలు హైస్పీడ్ కెమెరాలతో చూసి చెప్పింది వేరే: పురుగు ఎగిరేటప్పుడు వెలుగున్న వైపు ఆకాశం అనుకుని వీపు అటు తిప్పుతుంది, పక్కనే లాంతరుంటే పాపం వీపు తిప్పుతూ తిప్పుతూ దాని చుట్టూనే తిరుగుతుంది, బయటికి దారి దొరకదు. అందుకని ఆ రాత్రి మేం ఒక లైటు ఇరవై అడుగుల దూరంలో చెట్టుకి వేలాడదీసి, గిన్నెల దగ్గర చిన్న పసుపుది పెట్టుకున్నాం. సాంబార్‌లో అయినా ఒక రెక్కల పురుగు తేలింది, మా బావ చూడకుండా నేనే తీసేశా.