పులుపు ఎంచుకున్న పాత్రలు

ఉత్తరాంధ్ర ఇళ్లలో తరవాణికి (పులిసిన గంజినీళ్లకు) మట్టికుండ, పప్పుపులుసుకు రాచ్చిప్ప, మంచినీళ్లకు ఇత్తడి బిందె అని వేరువేరుగా వాడుకోవడం తరతరాల ఆచారం. దీన్ని మడికో, రుచికో ముడిపెట్టి చెప్పేవారు చాలామంది ఉన్నా, ఈ ఏర్పాటును నిర్ణయించింది ముఖ్యంగా పులుపేనని నా అభిప్రాయం. మట్టినీ, రాచ్చిప్ప చెక్కే మెత్తని బలపపు రాయినీ మన వంటల పులుపు ఏమీ చేయలేదు. లోహాల సంగతి అలా కాదు.

శ్రీకాకుళం జిల్లా సారవకోట మండలంలోని బుడితి గ్రామం ఇత్తడి, కంచు సామానుకు పేరుపొందింది; అక్కడి పనితనానికి భౌగోళిక గుర్తింపు కూడా దక్కింది. ఇత్తడి అంటే రాగి, తుత్తునాగాల (జింక్) మిశ్రమం. చింతపండులోని టార్టారిక్ ఆమ్లానికి తుత్తునాగం త్వరగా లొంగిపోతుంది. రాగి మాత్రం గాలిలోని ఆక్సిజన్ తోడైతే తప్ప కరగదు. అందుకే ఇత్తడి గిన్నెలో రాత్రంతా నిలవ ఉన్న పులుసు, గాలి తగిలే అంచు దగ్గర ముందుగా పచ్చబడుతుంది. కిలుమెక్కిందంటూ దాన్ని పారబోయించిన పెద్దల జాగ్రత్తలో అతిశయోక్తి లేదు. తాగునీటిలో లీటరుకు 2 మిల్లీగ్రాములకు మించి రాగి ఉండకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచిస్తోంది. మోతాదు బాగా పెరిగితే వికారం, వాంతులు మొదలవుతాయి. అదే చింతపండుతో తోమితే బిందె తళతళలాడడానికి కారణం కూడా ఈ గుణమే: ఆమ్లం పైనున్న ఆక్సైడు మకిలిని కరిగించి, లోపలి లోహాన్ని బయటపెడుతుంది.

ఇత్తడిలోనే పులుసు కాచుకోవడానికి మనవాళ్లు కనిపెట్టుకున్న ఉపాయం కళాయి, అంటే గిన్నె లోపల తగరపు పూత. కళాయి వేసేవాడు గిన్నెను ఇసుకతో రుద్ది, బొగ్గుల మీద తిప్పుతూ కాల్చి, లోపల నవాసాగరం (అమ్మోనియం క్లోరైడు) పొడి చల్లుతాడు. గుప్పున తెల్లని పొగ లేస్తుంది. ఆ వేడికి నవాసాగరం అమ్మోనియాగా, హైడ్రోజన్ క్లోరైడుగా విడిపోయి, రెండోది లోహం మీది ఆక్సైడును తొలగిస్తుంది. వెంటనే తగరపు కడ్డీని తాకిస్తే 232 డిగ్రీల సెల్సియస్ దగ్గరే అది కరిగిపోతుంది, దాన్ని దూదితో చుట్టూ పులిమేస్తాడు. తగరం పైపూతగా నిలిచిపోక, రాగితో కలిసి సన్నని మిశ్రమపొరగా ఏర్పడడం వల్లనే అంత గట్టిగా పట్టుకుంటుంది. అయినా గరిటె రాపిడికి క్రమంగా అరిగిపోతుంది కనుక కళాయి మళ్లీ మళ్లీ వేయించవలసిందే.

తినే కంచానికి మాత్రం కంచు నప్పింది. అన్నం అందులో ఉండేది కాసేపే, పైగా తగరం తుత్తునాగమంత తొందరగా పులుపుకు లొంగదు. సుమారు 78 పాళ్లు రాగికి 22 పాళ్లు తగరం కలిపిన ఈ లోహాన్ని నెమ్మదిగా చల్లారనిస్తే పెళుసుబారి, దెబ్బ తగిలితే పగులుతుంది. ఎర్రగా కాలుతుండగా సాగగొట్టి, ఆ వేడి మీదే నీళ్లలో ముంచితే పెళుసు స్ఫటికాలు ఏర్పడే వ్యవధి ఉండదు. ఉక్కును నీళ్లలో ముంచితే పెళుసెక్కుతుంది, ఈ కంచు అందుకు విరుద్ధం. నీలగిరుల ఇనుపయుగపు సమాధుల్లో దొరికిన పలుచని కంచు గిన్నెల్లో ఈ పనితనమే కనిపిస్తుంది. కొరియాలో బాంగ్జా అనే భోజన పాత్రలను నేటికీ దాదాపు ఇదే పాళ్లతో, ఇదే పద్ధతిలో సాగగొడతారు. పెళ్లిభోజనాలకైతే లోహంతో పనే లేదు; సీతంపేట ఏజెన్సీలో సవరలు కోసుకొచ్చే అడ్డాకులను పుల్లలతో కుడితే, ఆకు మీది సహజమైన మైనపు పొరే పులుసును ఆపుతుంది.

ఐరోపా సంపన్నులకూ ఈ చిక్కు తప్పలేదు. నిమ్మరసం పిండిన చేపను మామూలు ఉక్కు కత్తితో కోస్తే కత్తి నల్లబడి, చేపకు ఇనుపవాసన పట్టేది. అందుకని చేపలకూ పండ్లకూ వెండి కత్తులు వేరుగా పెట్టుకునేవారు. ఆ వెండి గుడ్డులోని గంధకానికి నల్లబడుతుంది కనుక, గుడ్డు తినడానికి ఎముకతోనో కొమ్ముతోనో చేసిన చెంచాలు వచ్చాయి. మర్యాదల పేరుతో మన ముందు పరిచే ఈ సరంజామాలో సగం రసాయనశాస్త్రమే.

1913లో ఇంగ్లండులోని షెఫీల్డ్ నగరంలో హ్యారీ బ్రేర్లీ తుపాకీ గొట్టాలు అరిగిపోకుండా చూసే ప్రయత్నంలో, సుమారు 13 శాతం క్రోమియం ఉన్న ఉక్కును, అంటే స్టెయిన్‌లెస్ స్టీలును తయారుచేశాడు. అది వెనిగరుకూ నిమ్మరసానికీ లొంగకపోవడం గమనించి, కత్తులకు పనికొస్తుందని గ్రహించాడు. దాని ఉపరితలం మీద కొద్ది నానోమీటర్ల మందాన క్రోమియం ఆక్సైడు పొర ఉంటుంది. గీత పడితే గాలిలోని ఆక్సిజన్‌తో తనంతట తానే పూడుకుంటుంది. మన వంటిళ్లలో స్టీలు గెలవడానికి దాని మెరుపుకన్నా, కళాయివాడి అవసరం లేకుండా చేసిన ఈ పొరే ఎక్కువ కారణమని అనుకుంటాను. రుచి విషయంలోనూ దానికి వంక పెట్టలేం. 2011లో లండన్ పరిశోధకులు వేర్వేరు లోహాల పూత ఉన్న చెంచాలను నోట్లో పెట్టించి చూస్తే రాగి, తుత్తునాగం చేదుగా, లోహపు రుచితో తగిలాయి.

అయితే ఉప్పులోని క్లోరైడు స్టీలు మీది ఆ ఆక్సైడు పొరను అక్కడక్కడా ఛేదించి, సూదిమొనంత గుంటలు పెట్టగలదు. ఉప్పూ పులుపూ కలిసి నెలల తరబడి ఊరే ఆవకాయను విజయనగరంలోనైనా, మరెక్కడైనా ఇప్పటికీ పింగాణీ జాడీలోనే పెట్టడం మంచిది.