సీనియర్ వస్తే కుర్రాడి పని అయిపోయినట్టేనా? క్వార్టర్‌బ్యాక్ పోటీపై అపోహలు - వాస్తవాలు

డాలస్ పక్కన ఒక హైస్కూల్ జట్టులో క్వార్టర్‌బ్యాక్‌లకు, అంటే బంతి పాస్ చేస్తూ జట్టు దాడిని నడిపేవాళ్లకు, సహాయ కోచ్‌ని. అమెరికన్ ఫుట్‌బాలే లెండి, కాలితో తన్నే ఆట కాదు. మా నాన్న ఇప్పటికీ ఫోన్లో "ఆ కోడిగుడ్డు బంతి ఆటేనా?" అంటాడు. మార్చిలో ఎన్‌ఎఫ్‌ఎల్ (ఇక్కడి ప్రొఫెషనల్ లీగ్) జట్లు ఫ్రీ ఏజెంట్లను, అంటే కాంట్రాక్టు ముగిసిన ఆటగాళ్లను, తీసుకోవడం మొదలుపెట్టగానే ఇక్కడి తెలుగువాళ్ల వాట్సాప్ గ్రూపుల్లో నాకు ప్రశ్నలు మొదలవుతాయి. చాలావరకు అవే ప్రశ్నలు, అవే అపోహలు.

అపోహ: సీనియర్‌ని తెచ్చారంటే కుర్రాడి పని అయిపోయినట్టే.

ముందు కాంట్రాక్టు చూడండి. 2025 మార్చిలో ఇండియానాపొలిస్ కోల్ట్స్ సీనియర్ క్వార్టర్‌బ్యాక్ డేనియల్ జోన్స్‌ను ఒక్క ఏడాదికి, 1.4 కోట్ల డాలర్లకు తీసుకుంది. పేరున్న స్టార్టర్లు (మ్యాచ్ మొదటి నుంచీ ఆడే క్వార్టర్‌బ్యాక్‌లు) ఏటా 5 కోట్ల డాలర్లకు పైనే తీసుకుంటున్న రోజులివి. అంటే జోన్స్‌కి ఇచ్చింది పట్టం కట్టే ధర కాదు, ఊరికే బెంచీ మీద కూర్చోబెట్టే ధరా కాదు. నిజంగానే పోటీ పెట్టే ధర. అప్పటికి స్టార్టర్ 2023 డ్రాఫ్ట్‌లో (జట్లు కాలేజీ ఆటగాళ్లను వంతులవారీగా ఎంచుకునే కార్యక్రమం) నాలుగో పిక్‌గా వచ్చిన ఆంథొనీ రిచర్డ్‌సన్. అంత పైన తీసుకున్న కుర్రాడికి నాలుగేళ్ల డబ్బు ముందే ఖాయమైపోయి ఉంటుంది. తీసేసినా జట్టుకు పెద్దగా మిగిలేదేం లేదు. అందుకే అతన్నీ ఉంచుకుంటారు, పక్కనే ఇంకొకణ్నీ తెస్తారు.

అపోహ: పోటీ పెడితే కుర్రాడు రాటుదేలతాడు.

దీని మీదే నాకు ఎక్కువ కోపం, ఎందుకంటే నేనూ ఒకప్పుడు నమ్మాను. ప్రాక్టీసులో అసలు సరుకు రెప్స్, అంటే ప్లేని (ముందే అనుకున్న ఎత్తుగడని) స్వయంగా నడిపే వంతులు. ఒక పీరియడ్‌లో పన్నెండు ప్లేలు నడిపామనుకోండి, స్టార్టర్ ఒక్కడే అయితే పన్నెండూ అతనివే. పోటీ అంటే ఆరు, ఆరు. ఇంకా నేర్చుకోవాల్సిన కుర్రాడికి సగం పాఠం కోసేసి పరీక్ష మాత్రం రెండింతలు పెట్టినట్టు. సీనియర్‌కి ఆ నష్టం తక్కువ, ఆ ప్లేలు వేరే జట్లలో వేలసార్లు ఆడేసి ఉంటాడు.

నష్టం వాళ్లిద్దరికే అయితే సరే, జట్టంతటికీ ఉంది. సైడ్‌లైన్‌కి విసిరే పాస్‌లో రిసీవర్ (బంతి పట్టేవాడు) తిరిగేలోపే బంతి చెయ్యి దాటాలి. ఎవరి బంతి వేగం వాళ్లది. స్నాప్ కోసం, అంటే బంతి వెనక్కి అందించి ప్లే మొదలుపెట్టడానికి, అరిచే గొంతు, ఆ దరువు కూడా మనిషికో రకం. రెండేళ్ల కిందట మా జట్టులోకి వేరే స్కూల్ నుంచి ఒక సీనియర్ వచ్చాడు. మా స్టార్టర్ అతనికంటే ఏడాది చిన్న. రెప్స్ సగం సగం పంచాం. మూడో వారానికి లైన్‌లో (ముందు వరసలో) పిల్లలు ఒకడి గొంతుకు అలవాటుపడి రెండోవాడు అరిచినప్పుడు ముందే కదిలేవాళ్లు. కదిలినప్పుడల్లా ఐదు గజాల పెనాల్టీ. మా స్టార్టర్ అయితే పాస్ తప్పిన ప్రతిసారీ రిసీవర్ వైపు కాదు, సైడ్‌లైన్‌లో మా ముఖాల వైపు చూసేవాడు. తప్పు వాడిది కాదు, మాది.

అందుకే ఇప్పుడు నా అభిప్రాయం ఒకటే: పోటీ పెడితే త్వరగా తేల్చెయ్యాలి.

అపోహ: ఎక్కువ టాలెంట్ ఉన్నవాడికే సీటు.

టాలెంటే లెక్కయితే కోల్ట్స్‌లో పోటీయే ఉండకూడదు. 2023 కంబైన్‌లో, అంటే డ్రాఫ్ట్‌కి ముందు జరిగే శారీరక పరీక్షల్లో, రిచర్డ్‌సన్ 40.5 అంగుళాలు ఎగిరి క్వార్టర్‌బ్యాక్‌లలో రికార్డు పెట్టాడు. కానీ 2024లో అతని పాసుల్లో చేరినవి 47.7 శాతమే. హెల్మెట్‌లో కోచ్ మాట వినిపించే రేడియో, ప్లే క్లాక్‌లో (ప్లే మొదలుపెట్టడానికి ఇచ్చే గడువులో) 15 సెకన్లు మిగలగానే ఆగిపోతుంది. ఆ తర్వాత డిఫెన్స్‌లో ఎవరు దూకబోతున్నారో కనిపెట్టి, బ్లాకింగ్ సర్ది, అవసరమైతే ప్లే మార్చాల్సింది క్వార్టర్‌బ్యాకే. 2025 ఆగస్టులో బాల్టిమోర్‌తో ప్రీసీజన్ (సీజన్‌కి ముందు సన్నాహక) మ్యాచ్‌లో ఎవరూ అడ్డుకోని డిఫెండర్ ఒకడు దూసుకొచ్చి రిచర్డ్‌సన్‌ని పడగొట్టాడు. చిటికెన వేలు కీలు తప్పింది. ఆ నెల 19న హెడ్ కోచ్ షేన్ స్టైకెన్ స్టార్టర్‌గా జోన్స్ పేరు ప్రకటించాడు. చెప్పిన కారణం నిలకడ. తొలి మ్యాచ్‌లో మయామీ మీద 33-8తో గెలిచారు, ఆ రోజు కోల్ట్స్ ఒక్కసారి కూడా పంట్ చేయలేదు, అంటే దాడి ఆగి బంతిని అవతలివాళ్లకు తన్ని వదులుకోలేదు.

అపోహ: సీనియర్ కుర్రాడికి గురువుగా వస్తాడు.

మీటింగ్ రూమ్‌లో సాయం చేస్తాడు, నిజమే. కానీ వచ్చింది తన కూటి కోసం. 2004లో న్యూయార్క్ జెయింట్స్‌లో సీనియర్ కర్ట్ వార్నర్ 9 మ్యాచ్‌లు ఆడి 5 గెలిపించాక కూడా సీటు కుర్రాడు ఈలై మానింగ్‌కి వదులుకోవాల్సి వచ్చింది. అదే వార్నర్ 2008లో అరిజోనాలో కుర్రాడు మాట్ లైనర్ట్‌ని పక్కకు నెట్టి జట్టును సూపర్ బౌల్ (లీగ్ ఫైనల్) దాకా తీసుకెళ్లాడు. గురుదక్షిణ సంగతి లైనర్ట్‌నే అడగాలి.

ప్రీసీజన్ స్కోరు చూసి ఎవరు గెలిచారో చెప్పేవాళ్లకు ఒక్క మాట: అవతల ఆడుతున్నది తర్వాతి వారం రోస్టర్‌లో (జట్టు జాబితాలో) ఉంటారో లేదో తెలియని కుర్రాళ్లు.

అపోహ: ఒకసారి తేలితే ఆ ఏడాదికి అంతే.

2019లో టెనెసీ టైటన్స్ ర్యాన్ టానెహిల్‌ని మార్కస్ మరియోటాకి బ్యాకప్‌గానే తెచ్చింది. ఆరో మ్యాచ్‌లో డెన్వర్ చేతిలో 16-0తో ఓడాక సీటు మారింది. టానెహిల్ 10 మ్యాచ్‌ల్లో 7 గెలిచి, ఆ జట్టును ఏఎఫ్‌సీ ఫైనల్ (సూపర్ బౌల్‌కి ముందు మెట్టు) దాకా లాక్కెళ్లాడు.

కోల్ట్స్ కథ ఇంకా విచిత్రం. 2025 అక్టోబర్‌లో మ్యాచ్‌కి ముందు వార్మప్‌లో ఎలాస్టిక్ బ్యాండ్ తగిలి రిచర్డ్‌సన్ కంటి చుట్టూ ఉండే ఎముక విరిగింది. డిసెంబర్‌లో జోన్స్‌కి మడమ వెనక స్నాయువు, అదే ఆకిలీస్, తెగింది. దాంతో దాదాపు ఐదేళ్లుగా ఆట మానేసి ఉన్న 44 ఏళ్ల ఫిలిప్ రివర్స్‌ని పిలిచారు. సియాటెల్‌లో 18-16తో ఓడారు, కానీ చివరి నిమిషం దాకా పోరాడి. 2004, 2005లో శాన్ డియెగోలో డ్రూ బ్రీస్ వెనక బెంచీ మీద కూర్చున్న కుర్రాడు ఈ రివర్సే.